నేను తీసేసిన మూడు వాక్యాలు

డైరీ రాయడం నాకు ఇరవై రెండో ఏట మొదలైన అలవాటు. రోజుకొక పేజీ. మొదటి పంక్తిలో ఎండా వానా, రెండో పంక్తిలో పొద్దుటి నడక, ఆ తరవాత ఆ రోజు చూసినవీ విన్నవీ. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి రాయడం అయిపోయేది. ఆ డైరీలన్నీ ఏడాది వరసన బీరువాలో ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో ఒక పేజీ లేదు. అది ఎందుకు లేదో మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు.

నేను ప్రభుత్వ ఆఫీసులో హెడ్ గుమస్తాగా రిటైరయ్యాను. రాజమండ్రిలోనే సొంత ఇల్లు, పెన్షను, పెద్దగా లోటు లేదు. ఉన్న లోటల్లా నన్ను ఎవరూ రచయిత అనకపోవడం. రిటైరయ్యాక మా ఆఫీసువాళ్ళు ఇద్దరికి షష్టిపూర్తి సంచికలు రాసిపెట్టాను. పుట్టింది ఎక్కడ, చదివింది ఎక్కడ, ఎవరికి ఏం సాయం చేశారు, అన్నీ అడిగి తెలుసుకుని, మంచి మాటలతో పుస్తకంలా కూర్చి ఇవ్వడం. వచ్చిన బంధువులందరికీ భోజనాల దగ్గర పంచిపెట్టారు. వడ్డన పంక్తిలో ఒకాయన "రాసినవారు ఎవరండీ" అని అడగడం నా చెవిన పడింది. ఆ మాట నన్ను చాలాకాలం కూర్చోనివ్వలేదు.

మూడో సంచిక రాయమని ఎవరూ రాలేదు. అప్పుడు మా వీధి చివర నెట్ సెంటరు నడిపే ఆవిడ నాకు దారి చూపించింది. పెన్షను కాగితాలు ప్రింటు తీయించుకోవడానికి వెళ్ళి, మాటల్లో సంచికల సంగతి చెప్పాను.

"ఊళ్ళో ఎవరు రాయించుకుంటారండి బాబాయిగారూ ఇప్పుడు? బయటూళ్ళలో ఉన్నవాళ్ళకి కావాలి ఇవన్నీ. వాళ్ళంతా ఇందులో ఉన్నారు" అని ఆ రోజుల్లో అందరూ చేరుతున్న ఒక స్నేహితుల సైటు తెరిచి చూపించింది.

రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళయిన రోజులు. నా పేరుతో ఒక పేజీ పెట్టించింది. ఫోటో కావాలంటే పెన్షను పుస్తకంలోదే స్కాన్ చేయించాను.

"ఇది చూస్తే పని ఇవ్వరండి, జాలిపడతారు" అందావిడ.

అయినా అదే ఉంచాను. మన రెండు గోదావరి జిల్లాలవాళ్ళూ ఎక్కడెక్కడ ఉన్నా కలుసుకునే గుంపు ఒకటి అందులో ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారేది. అక్కడ "షష్టిపూర్తి సంచికలు, పెద్దల జీవిత విశేషాలు మీరు చెప్పినట్టు రాసిపెట్టబడును" అని ప్రకటన పెట్టాను. దీనికోసం వేరే నోటుపుస్తకం కుట్టించి గళ్ళు గీసుకున్నాను: తేదీ, పేరు, ఊరు, ఏమన్నారు, నేనేమన్నాను.

పది రోజులు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. పదకొండో రోజున ఎవరో "తాతగారూ, ముందు ఏదైనా రాసింది చూపించండి. వంట రుచి చూడకుండా భోజనాలు ఒప్పుకుంటామా?" అని రాశారు. కింద నలుగురు నవ్వారు.

నాకు రోషం వచ్చింది. ఇంటికి వచ్చి డైరీలు దించాను. పొగడ్తల సంచికలు పనికిరావు, చదివినవాళ్ళ గుండె ఆగాలి అనుకుంటూ రెండు రోజులు వెతికాను. చివరికి మాస్టారి పేజీ దొరికింది.

మాస్టారు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే గోదావరి గట్టు మీద ఇద్దరం కలిసి నడిచేవాళ్ళం, ఒక్క ఆదివారం తప్ప. ఆదివారం ఏడు గంటలకి బెంగళూరు నుంచి ఆయన తమ్ముడి కూతురు ఫోను చేస్తుంది. ఎక్కడ మోగిపోతుందోనని ఆయన ఆరింటినుంచీ ఫోను పక్కనే కూర్చునేవారు. నా డైరీలో వారంలో ఆరు రోజులు "నడక: ఇద్దరం" అనీ, ఆదివారం "నడక: ఒక్కణ్ణే" అనీ ఉంటుంది.

ఆ తమ్ముడిది కొవ్వూరు. తల్లి ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద మాటా మాటా పెరిగి అన్నదమ్ములు తొమ్మిదేళ్ళు మాట్లాడుకోలేదు. తమ్ముడికి బాగాలేదని, చూడాలంటున్నాడని కబురొస్తే మాస్టారు బత్తాయిలు కొనుక్కుని పొద్దుటి బస్సెక్కి బ్రిడ్జి దాటారు. కొవ్వూరులో దిగి టీకొట్టు దగ్గర కూర్చున్నారు. ముందు తను పలకరించాలా, తమ్ముడు పలకరిస్తాడా అన్నది తేల్చుకోలేక రెండు టీలు తాగారు. తిరుగు బస్సెక్కి వచ్చేశారు. తమ్ముడు ఆ రోజు మధ్యాహ్నమే పోయాడు. బ్రిడ్జి మీద లారీ ఆగిపోయి పొద్దున్న రాలేకపోయానని మాస్టారు ఆ ఇంట్లో చెప్పారు. అందరూ నమ్మారు. ఇదంతా ఆయన ఒక ఏడాది తరవాత, గట్టు మీద నడుస్తూ, నీళ్ళవైపు చూస్తూ నాతో చెప్పారు. మరెవరికీ చెప్పలేదని కూడా చెప్పారు. ఆ సాయంత్రమే నేను డైరీలో రాసుకున్నాను.

దాన్ని మెరుగులు దిద్ది గుంపులో పెట్టాను. పేర్లు తీసేశాను. ఆఫీసులో ఫైలు నకలు బయటికివ్వాల్సి వస్తే పేరు మీద తెల్లకాగితం అంటించి జిరాక్సు తీసేవాళ్ళం. అంతటితో మా బాధ్యత తీరిపోయేది. ఇక్కడా అంతే అనుకున్నాను. కొవ్వూరు, బత్తాయిలు, రెండు టీలు, లారీ మాత్రం అలాగే ఉంచాను. అవి తీస్తే రచనలో ఇంకేం మిగులుతుంది అనిపించింది. లారీ అబద్ధం ముందే చెప్పేసి, తిరుగు బస్సు కదలడంతో ముగించాను.

మర్నాడు వెళ్ళేసరికి ముప్పైమందికి పైగా మెచ్చుకున్నారు. కళ్ళు చెమర్చాయన్నారు. నెట్ సెంటరు ఆవిడ పైకి చదివి "మీలో ఇంత ఉందని అనుకోలేదండి" అంది. వారం తిరక్కుండా ముగ్గురు సంచికలు కావాలని అడిగారు. నోటుపుస్తకంలో గళ్ళు నిండుతున్నాయి.

నాలుగో ఉత్తరం ఒకావిడ రాసింది. ఫోటో ఉండాల్సిన చోట తామరపువ్వు ఉంది. ఇంటిపేరు నాకు తెలిసినది కాదు. ఒకటే ప్రశ్న: "ఇది నిజంగా జరిగిందా అండి, కథా?"

ఆ రోజు నేను కథ అని ఉంటే సరిపోయేది. నా వేళ్ళు అలా కొట్టలేదు. నా పనితనాన్ని పరీక్షిస్తోంది అనుకున్నాను. "అక్షరం అక్షరం నిజమండి. కల్పన ఒక్క ముక్క లేదు. ఆయన స్వయంగా చెప్పిన రోజునే డైరీలో రాసుకున్నాను. కావాలంటే తేదీతో సహా చెప్పగలను" అని రాశాను.

"థాంక్స్ అండి" అని జవాబు వచ్చింది. నోటుపుస్తకంలో ఆవిడ గడిలో "పని రావచ్చు" అని రాసుకున్నాను.

తరవాత నాలుగు రోజులు మాస్టారు నడకకి రాలేదు. జ్వరమేమోనని ఐదో రోజు ఇంటికి వెళ్ళాను. వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు.

"రండి. కూర్చోండి" అన్నారు. నేను కూర్చున్నాక, "మీరు కంప్యూటర్లో ఏదో రాశారటండి" అన్నారు.

నేను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను.

"మా అమ్మాయి ఆదివారం ఫోనులో చదివి వినిపించింది. మొదటినుంచి చివరిదాకా. నేను ఆపమనలేదండి. బాగా రాశారు. రెండు టీలు కూడా గుర్తుపెట్టుకున్నారు."

"పేర్లెక్కడా పెట్టలేదండి మాస్టారూ."

"పేర్లెందుకండి? మా ఇంట్లోవాళ్ళందరం ఉన్నాంగా అందులో." ఆయన గొంతు పెంచలేదు. "పద్నాలుగేళ్ళు ఆ లారీవాణ్ణి తిట్టుకున్నాను పెదనాన్నా అంది. నాన్న పొద్దున్నించీ గుమ్మంవైపే చూశాడు, మీరు కొవ్వూరులో కూర్చుని టీ తాగారా అంది. నేనేం చెప్పను? పెట్టేసింది."

ఆయనే మళ్ళీ అన్నారు.

"ఒక్కటే అర్థం కాలేదండి. పోయాడన్న కబురు రాకముందే నేను మళ్ళీ వెళ్ళాను కదా ఆ రోజు. ఆ సంగతి మీకు చెప్పలేదా?"

"చెప్పారండి."

"డైరీలో లేదా?"

"ఉందండి."

"మరి?"

ఆయన నా ముఖంలోకి చూశారు. లెక్క ఎక్కడ తప్పిందో కనిపెట్టినట్టు మెల్లగా తల ఊపారు.

ఆ పేజీ చివర మూడు వాక్యాలు ఉన్నాయి. "ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుని తినలేక లేచిపోయారట. ఎవరూ పిలవకుండానే ఒంటిగంట బస్సుకి మళ్ళీ కొవ్వూరు వెళ్ళారట. వీధి మలుపు తిరుగుతుండగానే ఏడుపులు వినిపించాయట." వాటిని నేను తీసేశాను. అవి ఉంటే ముగింపు పలచబడుతుందనిపించింది. తీసేసి, అక్షరం అక్షరం నిజమని, తామరపువ్వు బొమ్మ పెట్టుకున్న ఆ పిల్లకి పూచీ ఇచ్చాను.

మర్నాడు డైరీ పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ చదువుకున్నారు.

"ఇది అమ్మాయికి పంపిస్తానండి. ఉన్నదున్నట్టు" అన్నాను.

"వద్దండి."

"నిజమే కదండీ."

"నిజమేనండి. కానీ మీరక్కడ ఏమని బోర్డు పెట్టారు? చెప్పినట్టు రాసిపెడతామని. ఇప్పుడు ఈ మూడు ముక్కలూ పంపితే నేను మీచేత రాయించుకున్నాననుకుంటుంది. నేనైనా అలాగే అనుకుంటాను."

అన్ని రోజుల్లో ఆయన నన్ను అన్న కఠినమైన మాట ఇదొక్కటే. కోపంగా కూడా అనలేదు. నేను స్కేలు ఆనించి పేజీ చింపి ఆయన చేతికిచ్చాను. డైరీలో పేజీ చింపడం అదే మొదలు. ఆయన దాన్ని మడిచి, ఫోను పక్కన ఉన్న పంచాంగంలో పెట్టుకున్నారు.

నెట్ సెంటరుకి వెళ్ళి రాసింది తీయించాను. నా పేజీ కూడా తీసేయమన్నాను.

"పని వస్తున్నప్పుడు తీసేస్తారేంటండి?" అంది ఆవిడ. "అయినా మీరు తీసినా, కాపీ చేసుకున్నవాళ్ళ దగ్గర ఉంటుందండి."

కారణం చెప్పలేదు. కళ్ళు కనబడడం లేదన్నాను. సంచికలు అడిగిన ముగ్గురికీ అదే రాశాను. అదీ అబద్ధమే.

వారం తరవాత మాస్టారు గట్టు మీదికి వచ్చారు. ఏమీ జరగనట్టే కరెంటు కోతల గురించీ, గోదావరి నీటిమట్టం గురించీ మాట్లాడారు. నాకు ప్రాణం లేచొచ్చింది. క్షమించారనే అనుకున్నాను. సోమవారం నుంచి శనివారం దాకా వచ్చారు.

ఆదివారం నేను ఒక్కణ్ణే బయలుదేరాను. ఆరున్నరకి పుష్కరఘాటు దగ్గర ఆయన నాకోసం నిలబడి ఉన్నారు.

"ఇవాళ ఆదివారం కదండీ" అన్నాను.

"అవునండి. పదండి" అన్నారు.

ఏడు గంటలయ్యేసరికి బ్రిడ్జి దాకా వచ్చాం. ఆయన ఒకసారి గడియారం చూసుకున్నారు. ఇద్దరం నడుస్తూనే ఉన్నాం. ఆ తరవాత ప్రతి ఆదివారమూ వచ్చారు. చాలా నెలల తరవాత ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఫోను పక్కన అదే పంచాంగం ఉంది. కొత్త సంవత్సరం వచ్చినా మార్చలేదు. మడత కాగితం అంచు అందులోంచి కనబడుతోంది.

ఆ కొత్త ఏడాది డైరీ తీస్తే ఏడు రోజులూ రెండో పంక్తి ఒకటే. "నడక: ఇద్దరం." ఆదివారంనాడు ఆ పంక్తి రాసేటప్పుడు మాత్రం కాసేపు కలం పక్కన పెట్టి మళ్ళీ తీసుకునేవాణ్ణి.