సొంత కుర్చీ మామయ్య

మా మేనమామ ఎక్కడికెళ్ళినా తన కుర్చీ తానే మోసుకెళ్ళేవాడు. కొందరు గొడుగు లేనిదే గడప దాటరు, కొందరు కళ్ళజోడు లేనిదే మాట్లాడరు. మామయ్య చంకలో మడతకుర్చీ లేనిదే వీధి మలుపు కూడా తిరిగేవాడు కాదు. ఆయన వడ్రంగి. కుర్చీ ఆయన చేతి పనే. మడిస్తే పలక, విప్పితే సింహాసనం అని చెప్పుకునేవాడు. మడిచినా విప్పినా అవతలివాడి మోకాలికి తగలడం మాత్రం ఖాయమని, మా వీధిలో మోకాళ్ళున్న ప్రతివాడూ సాక్ష్యం చెబుతాడు.

"ఒకరి కుర్చీలో కూర్చుంటే ఎప్పుడో ఒకప్పుడు లేపుతారు. నా కుర్చీలోంచి నన్ను లేపేవాడు ఇంకా పుట్టలేదు." ఇదీ ఆయన సిద్ధాంతం.

క్షౌరశాలలో కూడా అంతే. "అన్నా, కూర్చో" అన్నాడు మంగలి.

"కూర్చున్నాగా."

"అక్కడ కాదన్నా, నా కుర్చీలో. అది పైకి లేస్తుంది, వెనక్కి వాలుతుంది."

"అందుకే వద్దంటున్నా. నాకు లేవాలనిపిస్తే నేనే లేస్తాను."

పాపం, మంగలి నేల మీద మోకరించి గడ్డం గీయడం మొదలుపెట్టాడు. సగం అయ్యేసరికి చేతికర్రతో ఒక ముసలాయన లోపలికొచ్చాడు. గోడవారన ఉన్న బెంచీ నిండిపోయింది. మామయ్య చటుక్కున లేచి తన కుర్చీని ఆయన కిందకి తోసి, మిగతా సగం నిలబడే గీయించుకున్నాడు. మామయ్య తాడిచెట్టంత మనిషి. మంగలి ఈసారి స్టూలెక్కాడు. "నీ ఒక్క గడ్డానికి పాతాళం చూశాను, ఆకాశం చూశాను. ఇక నీ దగ్గర ఏమీ తీసుకోను, కానీ మళ్ళీ రాకు" అన్నాడు.

బస్సెక్కితే కండక్టరుతో యుద్ధం.

"ఆ కుర్చీకి టికెట్టు తీసుకోవాలి."

"కొట్టు. దాని సీటెక్కడ?"

"కుర్చీకి సీటేంటయ్యా?"

"టికెట్టున్నప్పుడు సీటివ్వాలి కదా? రూలు చెప్పు!"

ఈ చర్చ తేలేలోపు ఆ కుర్చీలో ఎవరో బాలింత పిల్లాడితో సహా కూర్చుని ఉండేది. మామయ్య కడ్డీకి వేలాడుతూ వాదిస్తుండేవాడు. మేం దిగాల్సిన స్టాపు దాటిపోయేది. ఆవిడ దిగేదాకా కుర్చీ రాదు, కుర్చీ వచ్చేదాకా మామయ్య రాడు. అలా ఒకసారి పక్క రాష్ట్రం దాకా పోయామని నేను చాలామందికి చెప్పాను. పోలేదు గానీ, పోవలసింది.

ఇంతకీ ఈ కుర్చీ పిచ్చి ఎలా పట్టిందంటే, దానికి మూలం చర్చి.

ఒకప్పుడు మామయ్యంత భక్తుడు మా ఇంట్లో లేడు. కొత్త చర్చి కట్టినప్పుడు బెంచీలన్నీ ఆయనే చేశాడు. కలప ఇచ్చింది కలప డిపో యజమాని. ఆయనే సంఘ పెద్ద కూడా. మొదటి బెంచీ వాలును మామయ్య మా అమ్మమ్మ నడుముకి సరిగ్గా సరిపోయేలా చెక్కాడు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, నడుం నొప్పి. ఆ బెంచీకే సంఘ పెద్ద పేరున్న ఇత్తడి పలక బిగించిందీ మామయ్యే. అది కలప ఇచ్చినవాడి పేరనుకున్నాడు గానీ, కూర్చోవలసినవాడి పేరని ఆయనకి తట్టలేదు.

మొదటి ఆదివారం అమ్మమ్మ వెళ్ళి ఆ బెంచీలో హాయిగా జేరబడింది. సంఘ పెద్ద కుటుంబంతో వచ్చాడు.

"అమ్మా, ఇది మా బెంచీ. మీలాంటివాళ్ళకి వెనక చోటుంది, చెప్పుల దగ్గర."

"అలాగే బాబూ" అని ఆవిడ లేచి వెళ్ళింది. వెనక చోటయితే ఉంది గానీ, బెంచీ లేదు. ఆరాధన అయ్యేదాకా గోడ పట్టుకుని నిలబడింది. దేవుడి దృష్టిలో అందరూ సమానమేనని ఆ రోజు పాస్టరు బహు చక్కగా ప్రసంగించాడు.

అయ్యాక మామయ్య ఆయన దగ్గరికెళ్ళాడు. "అయ్యగారూ, మా అమ్మని లేపేశారు."

"సర్దుకోవాలి నాయనా. పరలోకంలో అందరికీ చోటుంటుంది."

"అక్కడి బెంచీలకి పలకలు ఎవరు బిగిస్తారండీ?"

మామయ్య మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ప్రార్థన మానేశాడు, పాట మానేశాడు. ఎవరైనా అడిగితే, "మా అమ్మని నిలబెట్టిన గదిలో నేను మోకరించలేను. అంతకు మించిన శాస్త్రం నాకు తెలీదు" అనేవాడు. ఆ వారమే మడతకుర్చీ చేసుకున్నాడు.

మానేశాడన్న మాటే గానీ, ఆయనంత క్రమంగా ఆదివారం పాటించినవాడు లేడు. సరిగ్గా గంట కొట్టగానే చర్చికి ఎదురుగా, దర్జీ షాపు ముందు, పేవ్‌మెంటు మీద కుర్చీ వేసేవాడు. చర్చి గోడ మీద మైకు ఉండేది. అది మాట్లాడేది, ఈయన జవాబు చెప్పేవాడు.

"దేవుడు అందరినీ పిలుస్తున్నాడు!" అనేది మైకు.

"పిలిచి ఎక్కడ కూర్చోబెడతాడో అడుగు!" అని మామయ్య ఇక్కణ్ణుంచి కేక పెట్టేవాడు.

దర్జీ కుట్టు మిషను ఆపి నవ్వేవాడు. లోపల వెనక వరసలో నిలబడ్డవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. ముందు బెంచీల్లో మాత్రం ఎప్పుడూ దగ్గే వచ్చేది.

నేను చదివింది కాన్వెంటులో. ఇలాంటివాళ్ళు తిన్నగా నరకానికి పోతారని సిస్టరుగారు చెప్పారు. ఆ కబురు మామయ్యకి మోసుకొచ్చాను.

"అక్కడ కుర్చీలుంటాయట్రా?"

"ఉండవు మామయ్యా, అంతా మంటలే."

"అయితే చెక్క కుర్చీ పనికిరాదు. ఇనుముది చేయించాలి" అని ఆలోచనలో పడ్డాడు.

కొన్నేళ్ళకి కొత్త పాస్టరు వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు. ఒక ఆదివారం రోడ్డు దాటి వచ్చి, "మనుషుల్ని చూసి దేవుణ్ణి వదిలేస్తారా అండీ?" అన్నాడు.

"దేవుణ్ణి చూపించండి బాబూ, ఆయన్ని చూసే ఉండిపోతాను. మీరు చూపించేదీ మనుషుల్నే కదా."

"ఆయన మీద కోపమా మీకు?"

"ఆయనతో నాకేం పేచీ? మీ చర్చికి వచ్చుంటే ఆయన్ని కూడా వెనకే నిలబెట్టి ఉంటారు. కూర్చోండి, ఎంతసేపు నిలబడతారు?" అని లేచి కుర్చీ పాస్టరుకి ఇచ్చాడు. ఆ రోజు ఆరాధన ఆలస్యంగా మొదలైంది.

అసలు చిక్కు మా అక్క పెళ్ళికి వచ్చింది. మాకు నాన్న లేడు. పెళ్ళికూతుర్ని చర్చిలోకి చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది మామయ్యే. ఆయన రానన్నాడు.

"అన్నయ్యా, తండ్రి లేని పిల్లరా" అని అమ్మ కళ్ళొత్తుకుంది.

"ముహూర్తానికి గుమ్మం దాకా వస్తానే చెల్లీ. లోపలికి మాత్రం అడక్కు."

అక్క ఏడవలేదు. అది మామయ్య పోలికే. "నువ్వు తీసుకెళ్తేనే లోపలికెళ్తాను. లేకపోతే దర్జీ షాపు ముందే పెళ్ళి" అంది.

"పేవ్‌మెంటు మీద పెళ్ళేంటే, నీ మొహం!"

"నీ కుర్చీ ఉందిగా. పాస్టరుగారు దాని మీద నిలబడి చదువుతారు."

మామయ్య కుర్చీ మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. చివరికి, "వస్తాను. కూర్చోను" అన్నాడు.

"మరి కుర్చీ?"

"అదీ వస్తుంది."

వచ్చింది. ఎడమ చేతికి పెళ్ళికూతురు, కుడి చంకలో కుర్చీ. నడవ పొడవునా బెంచీ చివర కూర్చున్నవాళ్ళ మోకాళ్ళకి తగులుతూ పోయింది. 'అబ్బా', 'అయ్యో' అన్న కేకల్ని భక్తి పారవశ్యమనుకుని, ఆర్గను వాయించేవాడు ఇంకాస్త గట్టిగా వాయించాడు.

మొదటి బెంచీ మీద ఇత్తడి పలక మారింది. కలప డిపో దివాలా తీశాక, సంఘ పెద్దరికం సిమెంటు వ్యాపారికి వెళ్ళింది. పలక కూడా ఆయన పేరున వెలిసింది. అక్కని పెళ్ళికొడుక్కి అప్పగించి మామయ్య ఆ బెంచీ ముందు ఆగాడు. ఇక కుర్చీ విప్పి నడిమధ్యలో వేస్తాడని అందరూ ఊపిరి బిగబట్టారు. సిమెంటు వ్యాపారి ముందుజాగ్రత్తగా మోకాళ్ళు ముడుచుకున్నాడు.

మామయ్య వెనక్కి తిరిగి నడవంతా నడిచాడు. చివర చెప్పుల దగ్గర, గోడ పట్టుకుని పాత సంఘ పెద్ద నిలబడి ఉన్నాడు. తుంటి ఎముక విరిగి అతుక్కున్న మనిషి, చేతిలో కర్ర. మామయ్య టప్‌మని కుర్చీ విప్పాడు.

"కూర్చోండి."

ఆయన తెల్లబోయాడు. "వద్దయ్యా... ఆ రోజు మీ అమ్మగారిని నేనే..."

"నొప్పితో నిలబడటం ఎలా ఉంటుందో మా ఇంట్లో చూశాను. కూర్చోండి."

"మీ కుర్చీ కదా..."

"ఎవరైనా లేపితే కేకెయ్యండి. బయటే ఉంటాను" అని మామయ్య గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

అప్పుడు గుర్తు చేసుకుంటే, ఆ కుర్చీలో మామయ్య కుదురుగా కూర్చోగా నేను చూసింది తక్కువే. ఎప్పుడు చూసినా దాంట్లో ఇంకెవరో ఉండేవారు.

కుర్చీ పెద్దాయన దగ్గరే ఉండిపోయింది. ఆ వారమంతా మామయ్య నిలబడే తిన్నాడు, నిలబడే పేపరు చదివాడు. మధ్యమధ్యలో ఇంకో కుర్చీ చేస్తూ శనివారానికి ముగించాడు.

ఆదివారం గంట కొట్టగానే, పాత సంఘ పెద్ద చర్చి గేటు దాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, కర్ర ఊతంతో రోడ్డు దాటాడు. వెనకాల రిక్షావాడు కుర్చీ మోసుకొచ్చాడు. "తిరిగిచ్చేద్దామని తెచ్చాను" అన్నాడాయన. అని దాంట్లోనే కూర్చున్నాడు. దర్జీ షాపు ముందు రెండు కుర్చీలయ్యాయి.

"దేవుడు అందరినీ పిలుస్తున్నాడు!" అంది మైకు.

మామయ్య గొంతు సవరించుకునేలోపే పెద్దాయన కర్ర పైకెత్తి, "పిలిచి ఎక్కడ కూర్చోబెడతాడో అడుగు!" అని వీధి అదిరేలా అరిచాడు.

దర్జీ మిషను ఆగిపోయింది. మామయ్య బాగా నొచ్చుకున్నాడు.

"కుర్చీ అంటే ఇచ్చాను గానీ మాట కూడానా? ఎవరి మాట వాళ్ళు తెచ్చుకోవాలండీ!"