ఎడమ చక్రానికి ఎర్రమట్టి

మా ఇంట్లో ఆవాల డబ్బా ఎప్పుడూ నిండుగా ఉండదు. తాలింపుకని మూత తీసి, "మల్ల గెలలకే పోయినయా?" అని నా భార్య వంటింట్లోంచి అరుస్తుంది. అవును, గెలలకే పోయాయి. మైదా ముద్దను చిన్నచిన్న ఉండలు చేసి, ఆవాలు అద్ది, ఆరాక నలుపూ నారింజా కలిపి వేస్తే అచ్చం పామాయిల్ గెల! ఆ కిటుకు నేను కనిపెట్టిందని చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి ఆవాలు అద్దమని చెప్పింది మా బిడ్డ. అప్పటికి దానికి ఐదేళ్ళు.

అశ్వారావుపేట దగ్గర ఒక పామాయిల్ ఫ్యాక్టరీలో కాటా మీద పనిచేస్తాను. గెలల ట్రాక్టర్ వచ్చి కాటా మీద నిలబడుతుంది, నేను కిటికీలోంచి బరువు చూస్తాను, చీటీ ఇస్తాను. పదకొండేళ్ళుగా ఇదే పని. ఇంటికొచ్చాక నా సరదా కూడా బండ్లే, గెలలు మోసే బొమ్మ బండ్లు. సన్‌బోర్డు అట్ట కోసి బాడీ, పాత హవాయి చెప్పుల అడుగులతో చక్రాలు, అయిపోయిన రీఫిల్లుతో పొగగొట్టం. పని శుభ్రంగా ఉండాలి నాకు. ఎక్కడైనా జిగురు బయటికి కనిపించిందా, మొత్తం ఊడదీసి మళ్ళీ చేస్తాను. కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంటావిడ అనేది ఊరికే కాదు.

బిడ్డ ఇప్పుడు రెండో తరగతి. కోసేది నేను, రంగులు వేసేది అది. ముందు బండి చుట్టూ పెట్టే చెట్లూ నేలా మాత్రమే దాని వంతు. ఈ వానాకాలంలో మొదటిసారి బండినే దాని చేతికిచ్చాను. అది మామూలు బండి కాదు, జూలూరుపాడు దగ్గర ఉండే మా అన్న ట్రాక్టర్. సెలవులకు వెళ్ళినప్పుడల్లా బిడ్డ తిరిగేది దాని మీదే. అచ్చం దానిలాంటిదే మూడు వారాలు కూర్చుని చేశాను. ఎరుపు రంగు రెండు పూతలు వేశాక అద్దంలా మెరిసింది. సీటూ లైట్లూ నువ్వు వెయ్యమ్మా అని చెప్పి డ్యూటీకి పోయాను.

సాయంత్రం వచ్చి చూద్దును కదా, వాకిట్లో ఎర్రమట్టి తెచ్చి, నీళ్ళూ గమ్మూ కలిపి, బండికి పూసేసింది! కుడివైపు నాలుగు చుక్కలు. ఎడమవైపు మాత్రం చక్రమంతా, దాని మీద మడ్‌గార్డు దాకా మట్టే.

"ఏందిది? ఎవలు పుయ్యమన్నరు? పూసినా రెండు దిక్కులా ఒక్కతీరుగ పుయ్యొద్దా?" అని చిందులు తొక్కాను. దాని ఎదుటే తడిగుడ్డ తీసుకుని ఎడమవైపంతా తుడిచిపారేశాను. అది ఏడవలేదు. బ్రష్షు కడిగి, ఆరబెట్టి, డబ్బాలో పెట్టి లోపలికి పోయింది.

"గింత పిల్ల మీద గంత కోపమా? ఆ బండి ఏమన్న నిజంగ రోడ్డెక్కుతదా?" అంది నా భార్య.

నాలుగు రోజులు బిడ్డ రంగుల డబ్బా ముట్టలేదు. పిలిస్తే, హోంవర్క్ ఉందనేది. హోంవర్క్ లేదని నాకూ తెలుసు, దానికీ తెలుసు. ఇక నాతో ఎప్పటికీ కూర్చోదేమోనన్న భయం నాకు డ్యూటీలో కూడా వదల్లేదు. ఒక్కడినే కూర్చుని ఒక గెల చేశాను, ఆవాలు నిలబడితే ఒట్టు.

ఐదో రోజు పొద్దున్న వాన వెలిసింది. గేటు దాకా ట్రాక్టర్లు బారులు తీరాయి. కాటా మీద ఒక బండి వంకరగా నిలబడితే, వెనక్కి తీయమని చెప్పడానికి బయటికి వచ్చాను. దాని ఎడమ చక్రం వంక చూశాను. మడ్‌గార్డు దాకా ఎర్రమట్టి. కుడివైపుకు తిరిగి చూశాను. నాలుగు చుక్కలు.

వెనక బండి చూశాను, దాని వెనకది చూశాను. గేటు దాకా నడిచాను. అన్నీ అంతే!

"ఏంది సార్, ఏమన్న పోయిందా?" అన్నాడు ఒక డ్రైవరు.

"ఎడమ దిక్కే ఎందుకింత మట్టి?" అనడిగాను.

అతను నన్ను వింతగా చూశాడు. "ఎదురుంగ లారీ వస్తే తారు దిగేది మనమే గద సార్. ఎడమ చక్రం మట్టిల పడుతది. ఇన్నేళ్ళ సంది సూస్తలేవా?"

చూడలేదు. పదకొండేళ్ళు వాటి బరువు చూశాను. ఏడేళ్ళ పిల్ల నాలుగు సెలవుల్లో చూసింది నాకు ఒక్కరోజూ కనబడలేదు. సిగ్గు కంటే ముందు ఆశ్చర్యమే వేసింది నాకు, ఆ చిన్న తలలో ఇంకా ఏమేం ఉన్నాయోనని. ఆ రోజు బండ్లన్నింటినీ పిచ్చివాడిలా చూస్తూనే ఉన్నాను.

సాయంత్రం దోసెడు ఎర్రమట్టి పొట్లం కట్టుకుని ఇంటికి వచ్చాను. బిడ్డ ముందు కింద కూర్చున్నాను.

"నువ్వేసిందే కరెక్టు బిడ్డా. తప్పు నాది. మల్ల ఎయ్యవా?"

అది మట్టి వైపు చూసింది, నా వైపు చూసింది. "మల్ల తుడుస్తవ్ గదా."

లేచి వెళ్ళి ఆ గుడ్డ తెచ్చి దాని చేతిలో పెట్టాను. అది గుడ్డను స్కూలు బ్యాగులో పుస్తకాల అడుగున కుక్కి, జిప్పు వేసి, అప్పుడు బ్రష్షు తీసింది.

పక్కనే కూర్చుని చూశాను. నాలుక కొంచెం బయటపెట్టి, చక్రం కింది నుంచి పైకి, పైకి పోయేకొద్దీ పల్చగా వేస్తోంది. అలా వేయాలని దానికెవరు చెప్పారు? అంతా అయ్యాక మడ్‌గార్డు మీద గోరంత ఎర్రరంగు మట్టి లేకుండా మెరుస్తూ ఉండిపోయింది.

"ఇక్కడ మిగిలింది తల్లీ," అన్నాను, ఈసారి మెల్లగా.

"మిగల్లే నాన్న. పెదనాన్న నన్ను కూసోబెట్టేది ఆడనే. ఆ మట్టంతా నా గౌనుకే అంటుతది. అమ్మ తిడుతది గదా."

మా అన్న ట్రాక్టర్ మీద ఎడమవైపు కూర్చుని పోతున్న నా బిడ్డ, పిల్ల బొమ్మ ఏదీ లేకుండానే, అక్కడ కనిపించింది.

"మరి ఆ రోజు కూడ ఇక్కడ వదిలిపెట్టినవా?"

"అవ్," అంది బ్రష్షు కడుగుతూ. "నువ్వు సూడకముందే తుడిసినవ్."