దేవుని గూట్లో రామేశ్వరం

ముందుగా ఆ స్వామికి నమస్కారం. సముద్రం ఒడ్డున తడి ఇసుకను లింగంగా చేసుకుని దాని ముందు తలవంచిన రాముడికి, ఆ పిడికెడు ఇసుకలో కాదనకుండా నిలిచిన శివుడికి, నడవలేనివాళ్లను కూడా తన ఒడ్డుకు నడిపించుకునే గంగమ్మకు స్తోత్రం. నా నోటికి చదువు ఇచ్చి, కాళ్లకు నిలకడ ఇవ్వని ఆ దేవుడికి దానికి కూడా స్తోత్రమే. రెండూ ఆయన ఇచ్చినవే అని నమ్ముతాను కాబట్టే ఈ సంగతి రాయగలుగుతున్నాను.

మా నాన్న నల్లగొండ దగ్గర పల్లెలో పురాణం చెప్పేవాడు. ఆయన పక్కన కూర్చుని చదవడం నేర్చుకున్నాను. పెళ్లయ్యాక, ఎనభైల్లో, దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ పోయే దారిలో మావాళ్లు కొన్న ప్లాటుకు వచ్చి పడ్డాం. అంతకు రెండేళ్ల ముందు వరకు అక్కడ ద్రాక్షతోట ఉండేదట. మేం వచ్చేసరికి సున్నంతో గీసిన గీతలు, హద్దురాళ్లు, ప్రతి గీత పక్కనా ఒక ఇసుక కుప్ప. మాదీ వాటిలో ఒక కుప్ప. రెండు గదులు లేపుకుని, తలుపులు పెట్టుకుని, మిగతాది చేతిలో ఉన్నప్పుడల్లా కట్టుకుంటూ అందులోనే కాపురం ఉన్నాం.

కాలనీకి ఇంకా గుడి లేదు. భజన మండలి మాత్రం ఉండేది. ఎవరి ఇల్లు స్లాబు దాకా వచ్చి ఆగిపోతే శనివారం సాయంత్రం వాళ్లింట్లో చాపలు పరిచేవాళ్లం. చదవడం నా పని. మండలికి పెద్ద ఒక రిటైరైన మాస్టారు, గుడివాడ వైపు నుంచి వచ్చినాయన. ఒకరోజు ఆయన ఇంకా గిలాబు, అదే సిమెంటు పూత, కాని ఒక గోడ మీద సుద్దముక్కతో పెద్ద జాబితా రాశారు: నాలుగు ధామాలు, పన్నెండు జ్యోతిర్లింగాలు, ఏడు మోక్షపురాలు. పైన, "పుట్టినందుకు ఒక్కసారైనా చూడవలసినవి" అని శీర్షిక. ఎవరు ఏది చూస్తే దాని పక్కన వాళ్ల పేరు రాసి టిక్కు పెట్టాలి. నా పేరు ఎక్కడా లేదు. యాదగిరిగుట్ట అయిదుసార్లు ఎక్కాను గానీ అది జాబితాలో లేదు.

పక్కింటామె ఊరుకునే మనిషి కాదు. "ఏందమ్మా, కేదారం మెట్లన్ని లెక్కవెట్టినట్టు చదువుతవు. నీకు ఒక్క టిక్కు లేదా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ రోజు నుంచి నాకు ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. విజయవాడ రోడ్డు మీద పోయే ప్రతి బస్సునూ చూసేదాన్ని. అన్నం వండుతూ ప్రయాగ తలుచుకునేదాన్ని, బట్టలు ఆరేస్తూ ద్వారక తలుచుకునేదాన్ని. చూడకుండా చదవడం అబద్ధం ఆడినట్టే అనిపించసాగింది.

అప్పుడే మాస్టారు కాశీ, గయ, ప్రయాగలకు ఒక వీడియో కోచ్ మాట్లాడారు. మూడు వారాల యాత్ర. వంటవాళ్లు, గిన్నెలు, గ్యాస్ పొయ్యి, అన్నీ బస్సులోనే. మా ఇంటి నుంచి రెండు సీట్లు: ఒకటి మా అత్తమ్మకు, ఒకటి ఆమె చెయ్యి పట్టుకునేందుకు నాకు. పిల్లలను చూసుకోవడానికి మా అమ్మ వచ్చింది.

అత్తమ్మకు ఈ యాత్ర నాలుగేళ్ల బాకీ. అంతకు ముందు ఆమె, మా మామ కలిసి రామేశ్వరం పోయారు. మా వైపు పెద్దల పద్ధతి ఒకటుంది. రామేశ్వరంలో సముద్రపు ఇసుక తీసి, పూజ చేసి, అందులో కొంత మూటగట్టి తెచ్చుకోవాలి. దాన్ని ప్రయాగలో త్రివేణిలో కలపాలి. అక్కడి గంగ నీళ్లు తీసుకుని మళ్లీ రామేశ్వరం వెళ్లి స్వామికి పోయాలి. అప్పటికి గానీ యాత్ర పూర్తయినట్టు కాదు. వాళ్లిద్దరూ మొదటి సగం చేసి వచ్చారు. ఆ ఏడే మామ పోయాడు. ఇసుక మాత్రం పసుపు గుడ్డలో, ఒక రేకు డబ్బాలో, మా దేవుని గూట్లో ఉండిపోయింది.

"మీ మామ చెయ్యి వెట్టి తీసిన ఉసికె ఇది," అనేది అత్తమ్మ రోజూ దానికి దండం పెట్టుకుంటూ. "ఇది గంగల గలిస్తే ఆయన మొక్కు తీరుతది. నాది గూడ."

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. నాకు ఆ డబ్బాను చూసి ఊరుకోవడం చేతకాలేదు. అత్తమ్మ లేనప్పుడు ముడి విప్పి అందులో వేళ్లు పెట్టేదాన్ని. తెల్లగా, సన్నగా, అక్కడక్కడ చిన్న గవ్వముక్కలు. కళ్లు మూసుకుంటే సముద్రం దగ్గర నిలబడ్డట్టు ఉండేది. మళ్లీ అదే ముడి వేసి పెట్టేదాన్ని.

బస్సు ఆదివారం పొద్దున. ఆ ముందు మంగళవారం దేవుని గూటికి గిలాబు చేయడానికి మేస్త్రీ వచ్చాడు. పటాలన్నీ లోపలి గదిలోకి మార్చాను. చివరికి డబ్బా చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ ముడి విప్పాను. అంతలో బయట పక్కింటామె కేకేసింది: "కర్మన్‌ఘాట్ పోయేటోళ్లందరు బండెక్కిన్రు, నువ్వొస్తవా లేదా?" మంగళవారం హనుమంతుడి దర్శనం. యాత్రకు ముందు ఆయన సెలవు తీసుకోవాలి. డబ్బాను అక్కడే, జల్లెడ పక్కన సగం లేచిన గోడ మీద పెట్టి పరుగెత్తాను. ముడి వేయలేదు.

తిరిగి వచ్చేసరికి గూడు నున్నగా మెరుస్తోంది. మేస్త్రీ వెళ్లిపోయాడు. అతని దగ్గర ఇసుక జల్లించే కూలామె ఒకతె ఉండేది. పాలమూరు మనిషి, మొగుడు లేడు, పిల్లకు పెళ్లి చేసి పంపింది. మా ఇసుక కుప్ప పక్కనే గుడిసె వేసుకుని ఉండేది. ఆమె సంబరంగా ఎదురొచ్చింది.

"అమ్మా, గూడు చూసినవా? అద్దం లెక్క వచ్చింది. గా డబ్బల సన్న ఉసికె మస్తుగుండె, జల్లెడ వట్టే పనే లేకుండె. దేవునిదని మంచిగ చేసినం."

వెళ్లి డబ్బా తీసి చూశాను. డబ్బాలో పసుపు గుడ్డ తప్ప ఏమీ లేదు.

ఆమెను ఏమీ అనలేదు. అనడానికి ఆమె చేసిందేముంది? వెళ్లి కుప్పలోంచి గుప్పెడు ఇసుక తెచ్చి, నేనే జల్లెడ పట్టి, ఆ గుడ్డలో పోసి, అదే ముడి వేశాను. చేతులు తమంతట తాము చేశాయి అని రాయాలని ఉంది, కానీ అది నిజం కాదు. ఆలోచించే చేశాను. చెబితే అత్తమ్మ బస్సు ఎక్కదు. అత్తమ్మ ఎక్కకపోతే నేనూ ఎక్కను.

బుధవారం, గురువారం, శుక్రవారం. గూటికి పొద్దున, సాయంత్రం నీళ్లు కొట్టాను, కొత్త గిలాబు గట్టిపడాలి కదా. మిగతా వేళంతా గది నుంచి వాకిటికి, వాకిటి నుంచి గదికి. జపమాల తిప్పితే లెక్క తప్పేది. మాస్టారు ఎదురుపడితే, ఎవరి సంగతో అడిగినట్టు అడిగాను.

"మాస్టారూ, రామేశ్వరం నుంచి తెచ్చిన ఇసుక పోతే ఏం చేయాలి?"

"ఏముందమ్మా, మళ్లీ వెళ్లి తెచ్చుకోవడమే. సముద్రం ఎక్కడికీ పోదు కదా!" అని నవ్వేసి, వంటవాడికి పప్పు సంగతి చెప్పడానికి వెళ్లిపోయారు.

సముద్రం ఎక్కడికీ పోదు. కానీ మామ మళ్లీ వచ్చి చెయ్యి పెట్టడు.

శనివారం సాయంత్రం యాత్రికులకు వీడ్కోలు భజన. నేను ప్రయాగ మహిమ చదువుతున్నాను. కాశీకి పోతే ఒక పండో కూరో వదిలేయాలి కదా అని ఎవరో ఎత్తారు. అత్తమ్మ "నేను కాకరకాయ ఇడుస్త" అంది. "అది మీరు ఇంట్లోనే నలభై ఏళ్లుగా వదిలేశారుగా అమ్మా!" అన్నారు మాస్టారు. చాపల మీద అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వుల మధ్య అత్తమ్మ కొంగులోంచి పసుపు మూట తీసింది.

"రామేశ్వరం ఉసికె. కండ్లకద్దుకోండ్రి," అని పక్కనామె చేతికి ఇచ్చింది.

మూట ఒక చేతి నుంచి ఇంకో చేతికి కదిలింది. ప్రతి ఒక్కరూ కళ్లకు అద్దుకుంటున్నారు. చూపు సరిగ్గా ఆనని ఒక ముసలామె దాన్ని నెత్తి మీద పెట్టుకుని, "రామేశ్వరం పోవుడు ఈ జన్మకు లేదనుకున్న. మా ఇంటికే వచ్చినవా సామీ" అని ఏడ్చింది. అది మా ఇంటి ముందు కుప్పలో, మంగళవారం దాకా కుక్కలు పడుకున్న ఇసుక.

పుస్తకం మూసేశాను. "అది రామేశ్వరం ఇసుక కాదు," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. ముడి విప్పడం, గోడ మీద పెట్టడం, కుప్పలోంచి నింపడం, అన్నీ చెప్పాను. ముసలామె మూటను నెత్తి మీద నుంచి మెల్లగా దించింది.

అత్తమ్మ ఆ మూటను తన చేతిలోకి తీసుకుంది. తర్వాత, "మరి మన ఉసికె ఏడున్నది?" అంది.

"గూట్లో, అత్తమ్మా."

"ఏ గూట్ల?"

"దేవుని గూట్లో. గోడకు."

వెనక ఎవరో నవ్వాపుకోలేకపోయారు. అత్తమ్మ లేచి చీర దులుపుకుని ఇంటి దారి పట్టింది. ఆమె వెనక మండలి మొత్తం కదిలింది. నేను అందరికన్నా చివర.

ఇంటికి చేరగానే అత్తమ్మ కూలామెను పిలిపించింది. "సుత్తె, ఉలి తే. నువ్వు పూసింది నువ్వే తియ్యి."

కూలామె సంగతి విని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత గూటి మీద వేలితో కొట్టి చూసింది. "గట్టివడ్డది పెద్దమ్మా. నీళ్లు కొట్టకుంటే మెత్తగుండు. గీ అమ్మ దినాం రెండుపూటల కొట్టె."

ఉలి దెబ్బలకు గూడు వెనక గోడ నుంచి అరచేతంత పెళ్ల ఊడి పడింది. అందులో తెల్లగా చిన్న గవ్వముక్క కనబడింది. అత్తమ్మ ఆ పెళ్లను రెండు చేతుల్లోకి తీసుకుంది. సిమెంటు కలిశాక అది ఇసుకేనా అని అప్పటికే వాదన మొదలైంది. మాస్టారు చెవి గోక్కుని, "శాస్త్రంలో ఇసుక అనే ఉంది. సిమెంటు గురించి పెద్దలు ఏమీ చెప్పలేదు, అప్పటికి లేదు కనుక," అన్నారు.

"గడ్డను మళ్ల ఉసికె చెయ్యరాదా?" అని అడిగింది అత్తమ్మ.

"ఎందుకు రాదు? రాయి మీద పెట్టి నూరితే పొట్టు పొట్టు అయితది," అంది కూలామె. "ఒక్క తీరుగ కొట్టాలె. నెత్తి మీద కొట్టినట్టు కొడితే ఎగిరిపోతది."

"అయితె రేపు నువ్వు నా ఎంబడి వస్తున్నవ్."

అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "ఆవిడా? బస్సులోనా?" అన్నారు మాస్టారు.

"ఏం సారూ, ఆమె కూసుంటే బస్సు నడవదా?" అంది అత్తమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. కోపంగా కూడా లేదు ఆమె ముఖం. "నువ్వు ఉండు బిడ్డా. గూటికి మళ్ల గిలాబు చేపియ్యి."

కాదనలేకపోయాను. కాదనే హక్కు నా దగ్గర మిగల్లేదు. పొద్దున కూలామె నా పెట్టెలోని బట్టల్లోంచే రెండు చీరలు తీసుకుని, తన సుత్తెను గుడ్డలో చుట్టుకుని, నా సీట్లో కూర్చుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను దండం పెట్టాను. ఎవరికి పెట్టానో నాకే తెలియదు.

ఆ మూడు వారాలు నేను ఇంట్లో లేను అని చెప్పాలి. ఇవాళ నాగపూర్ దాటి ఉంటారు, ఇవాళ నర్మద, ఇవాళ ప్రయాగ. బస్సు దారి అంతా నోటికి వచ్చు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని. సాయంత్రమైతే రోడ్డు మీదికి వచ్చి, పనేమీ లేకుండా ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడిచి తిరిగి వచ్చేదాన్ని.

తిరిగి వచ్చిన రోజు అత్తమ్మ అలసి పడుకుంది. నేను ఆగలేక గుడిసెకే పోయి కూలామె ముందు కూర్చున్నాను.

"చెప్పు. ప్రయాగ ఎట్లుంది?"

"ఏం చెప్పాలమ్మా, నీళ్లు మస్తు సల్లగ. పడవల కూసోని గడ్డను నూరిన. నడిమిట్ల పెద్దమ్మ దోసిట్ల పోసిన. ఆమె మీ మామ పేరు చెప్పుకుంట ఇడిసింది. ఒక్క రవ్వ గూడ గాలికి పోనియ్యలే."

"ఏడ్చిందా?"

"లేదు. నాకు ఆకలైతుంది, ఎనుకకు తిప్పమన్నది."

"కాశీ?"

ఆమె ముఖం వెలిగింది. "అబ్బ, ఏం మెట్లమ్మా! రాయికి రాయికి నడుమ వేలు పట్టదు. వరద మీద వరద వస్తదంట, కదలవంట. ఎవలు కట్టిండ్రో గని, ఆ మేస్త్రీలకు మొక్కిన నేను. దేవునికి పెద్దమ్మ మొక్కింది కద."

నేను ఎన్నోసార్లు చదివాను కాశీ గురించి. ఆ మెట్ల సందుల గురించి ఏ పేజీలోనూ లేదు. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని చీకటి పడేదాకా అడుగుతూనే ఉన్నాను. చివరికి ఆమే, "నువ్వే పోయి చూడరాదమ్మా, నన్ను తింటవేంది?" అని నవ్వింది.

మరుసటి ఏడు అత్తమ్మ గంగనీళ్లు రామేశ్వరం చేర్చింది. మామ మొక్కు తీరింది. ఆ తర్వాత నేనూ తిరిగాను. పూరీ చూశాను, ద్వారక చూశాను, బదరీ కూడా చూశాను. ఎక్కడ నిలబడినా కళ్లు ముందు దేవుడిని చూస్తాయి, మనసు అప్పటికే ఇంకో బస్సు ఎక్కి ఉంటుంది. ప్రయాగ మాత్రం చూడలేదు. రెండుసార్లు బయలుదేరే దాకా వచ్చి ఆగిపోయాను. ఎవరూ వద్దనలేదు. ఆ రోజు అత్తమ్మ "ఉండు బిడ్డా" అన్న మాటకు గడువు ఎప్పుడు తీరిందో నాకు తెలియలేదు, అంతే. అడుగుదామంటే ఆమె ఇప్పుడు లేదు.

ఇంతవరకు చదివినవారు ఒక్క నిమిషం నాతోపాటు చేతులు జోడించండి. మా అత్తమ్మకు, మా మామకు గంగమ్మ ఒడిలో చోటు అడుగుదాం. ఆ కూలామె ఎక్కడున్నా ఆమె కాళ్లు, చేతులు చల్లగా ఉండాలని అడుగుదాం. తర్వాత నా కోసం కూడా ఒక మాట: తండ్రీ, వెళ్లమంటే వెళ్లే ధైర్యం ఇవ్వు, ఉండమంటే ఉండే మనసు ఇవ్వు, ఈ రెంటి మధ్య నన్ను ఇట్లా నడిపించకు. మీరు కూడా నాతో అనండి.