తప్పు వేలిదా, స్టిక్‌దా

బందరు బస్టాండు వెనక నాదొక రిపేరు షాపు. షాపు అంటే మర్యాదకు అంటున్నాను. ఒక బల్ల, రెండు కుర్చీలు, గిర్రుమని తిరుగుతూ గాలి మాత్రం ఇవ్వని ఒక ఫ్యాను. గేమ్ ప్యాడ్లు బాగుచేస్తాను. సముద్రం దగ్గర ఉన్నంతకాలం నాకు పనికి లోటుండదు. ఉప్పుగాలి నా భాగస్వామి, వాటా కూడా అడగదు.

ఏ కంపెనీ ప్యాడ్ ఊడదీసినా లోపల కనిపించేది ఒకటే వంశం. ఎడమ బొటనవేలికి దిక్కులు తిప్పే స్టిక్, కుడి బొటనవేలికి నాలుగు బటన్లు, చూపుడువేళ్ళకు భుజాల మీద ఇంకో రెండు. ఇదంతా ఒక పాత జపాన్ కంపెనీ ఎప్పుడో కుదిర్చి పెట్టిన కాపురం. తర్వాత వచ్చినవాళ్ళంతా రంగులు మార్చారు, ధర పెంచారు, ఎముకలు మార్చలేదు. బస్సులో కుర్రాళ్ళు ఫోన్లో ఆడే తుపాకుల ఆటలో కూడా ఎడమ మూలన ఒక గుండ్రం గీసి ఉంటుంది. గాజు మీద కూడా ఆ జపాన్ పెద్దాయన వేలిముద్రే.

ఒక్క పితలాటకం ఉంది. పెద్దాయన సెట్లో కుడివైపు బటన్ అంటే ‘సరే’, కింది బటన్ అంటే ‘వద్దు’. మిగతావాళ్ళు చాలామంది బటన్లు అలాగే ఉంచి, అర్థాలు తిరగేశారు. ఈ సంగతి వచ్చిన ప్రతివాడికీ పాఠంలా చెప్పేవాణ్ణి. చెప్పేవాడికి పాఠం వచ్చి ఉండాలన్న రూలు ఎక్కడా లేదు కదా.

ఆ రోజు పదకొండింటికి ఒక రిటైర్డ్ టీచరు గారు మోపిదేవి నుంచి బస్సులో వచ్చారు. చేతిసంచిలో తువ్వాలు, తువ్వాల్లో ఆ పాత కంపెనీ వాళ్ళదే, చేతిలో పట్టుకుని ఆడే సెట్టు.

“మనవరాలు ఇచ్చిందయ్యా, గుడివాడలో ఉంటుంది” అన్నారు. “నాకు ఎడమపక్క పడిపోయింది, పోయినేడాది. వేళ్ళకి పని చెప్పమన్నారు డాక్టరు గారు. రబ్బరు బంతి నొక్కమంటే విసుగొచ్చి, ఇది నొక్కుతున్నా.”

“మంచిదేనండీ. బంతికి స్టోరీ ఉండదు.”

ఆవిడ నవ్వలేదు. “నాలుగు రోజులుగా ఇందులో మనిషి ఎడమకి లాగేస్తున్నాడు. స్టిక్ పాడైందో, నా వేలే మళ్ళీ జారుతోందో తెలియట్లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆస్పత్రికి ఎక్కిస్తారు. ముందు నువ్వు చెప్పు.”

నా దగ్గరికి వచ్చేవాళ్ళు స్టిక్ పోయిందా అని అడుగుతారు. స్టిక్ పోయి ఉండాలని దండం పెట్టుకుంటూ వచ్చింది ఈవిడొక్కరే.

“సులువండీ” అన్నాను, నాకే నమ్మకం లేని గొంతుతో. “బల్లమీద పెడదాం. ఎవరం ముట్టుకోవద్దు. మనిషి తనంతట తానే నడిస్తే తప్పు స్టిక్‌ది.”

“నడవకపోతే?”

సెట్టుని తువ్వాల్లోంచి తీసి బల్లమీద పెట్టాను.

“జాగ్రత్తయ్యా, మొదట్లో వంతెన ఒకటుంది. అది దాటడానికే నాకు రెండు నెలలు పట్టింది. అక్కణ్ణించి కొండదాకా వచ్చాను. అదంతా ఇందులోనే ఉంది.”

ఆన్ చేశాను. ‘కొనసాగించు’ మీద గుర్తు ఉంది. నొక్కేలోపు గుర్తు దానంతట అది కిందికి జారి ‘కొత్త ఆట’ మీద కూర్చుంది, నా వేలు దాన్నే నొక్కేసింది. ‘పాత ఆట చెరిగిపోతుంది, సరేనా?’ అని అడిగింది తెర. గభాలున ‘వద్దు’ నొక్కాను. అంటే, మిగతా కంపెనీల ‘వద్దు’. కుడి బటన్.

కొత్త ఆట మొదలైంది.

పాతది ఇంకా పోలేదు. వంతెన దాటగానే ఆట తనంతట తాను సేవ్ చేసుకుంటుంది, అప్పుడు పోతుంది. బయటికొచ్చే బటన్ నొక్కాను. ఉప్పుగాలికి అదెప్పుడో చచ్చిపోయింది. ఇక మిగిలింది పైనున్న పవర్ బటన్. పన్నెండు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. సెట్టు బల్లమీదే ఉంది, నా వేలొకటే దాని నెత్తిన ఉంది. ఒకటి, రెండు...

తెరమీద మనిషి నడవడం మొదలుపెట్టాడు.

స్టిక్‌ని ఎవరూ ముట్టుకోలేదు. ఎడమకి, కాస్త కిందికి, వంతెన వైపు తాపీగా, పెళ్ళి భోజనానికి వెళ్తున్నట్టు.

“నడుస్తున్నాడు!” అన్నారావిడ. “ముట్టుకోలేదుగా నువ్వు?”

“లేదండీ. స్టిక్కేనండీ. కానీ టీచర్ గారూ, నేనొక తప్పు చేశాను, మీ ఆట మొత్తం చెరిగిపోబోతోంది.” అయిదు, ఆరు...

నా మణికట్టు పట్టుకుని పక్కకి లాగేశారు.

“ఉండు. చూడనీ.”

“రెండు నెలలండీ! కొండ అండీ!”

“నోరు మూసుకుని చూడవయ్యా!”

చూశాను. నా చేతిమీదుగా ఒకరి ఏడాది చెరిగిపోవడం నోరు మూసుకుని చూడటం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. మనిషి వంతెన మొదట్లోకి వచ్చాడు. వాడి నడక ఏటవాలు. మొదటి పలక మీద అడుగు పెట్టాడు, రెండో అడుగుకి పక్కకి ఒరిగాడు, కాలవలో పడ్డాడు. ఆట వాణ్ణి మళ్ళీ ఒడ్డున నిలబెట్టింది. వాడు మళ్ళీ బయల్దేరాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. “మొదటి రోజు నేనూ అక్కడే పడ్డాను.”

పట్టు సడలింది. పవర్ బటన్ మీద పడి, పన్నెండు అనుకున్నది ఇరవై దాకా లెక్కపెట్టాను. తెర నల్లబడింది. నా మణికట్టు మీద నాలుగు వేళ్ళ ఎర్రటి గుర్తులున్నాయి. ఆవిడ కూర్చున్నది నాకు కుడిపక్క, సంచి ఉన్నది ఆవిడ కుడిచేతిలో. అప్పుడు తట్టింది, నన్ను పట్టుకున్నది ఏ చెయ్యో. చూపించాను. ఆవిడ ఆ గుర్తుల్ని చాలాసేపు చూశారు, ‘సారీ’ మాత్రం అనలేదు.

స్టిక్ మార్చడం అరగంట పని. ప్రతి మరనీ రెండుసార్లు చూసుకుని బిగించాను కాబట్టి గంట పట్టింది. మళ్ళీ ఆన్ చేసి, కుడి బటన్ అంటే సరే, కుడి బటన్ అంటే సరే అని పైకే చదువుకుంటూ నొక్కాను. కొండ ఉంది. మనిషి కొండమీదే ఉన్నాడు.

సెట్టు ఇస్తే ఆవిడ తీసుకోలేదు.

“ఇప్పుడు ఎడమకి లాగితే?” అన్నారు మెల్లగా. “ఇక తప్పు స్టిక్ మీద తొయ్యడానికి ఉండదుగా.”

కొత్త స్టిక్ కూడా కాస్త పాడైనదే వేసి ఉండాల్సిందేమో అనిపించింది. మెకానిక్‌కి రాకూడని కోరిక.

“మీ ఇష్టమండీ. ఇంటికెళ్ళి చూసుకున్నా సరే.”

“ఇంట్లో భయమేస్తుంది.”

ఒళ్ళో పెట్టుకుని ఎడమ బొటనవేలు స్టిక్ మీద ఆనించారు. నొక్కలేదు, ఊరికే ఉంచారు. మనిషి నిలబడ్డాడు. కొండమీద గడ్డి ఊగుతోంది, వాడు కదలట్లేదు. బయట ఆవిడ ఎక్కాల్సిన చల్లపల్లి బస్సు హారన్ కొట్టింది.

“బస్సండీ” అన్నాను.

“ఇంకోటొస్తుందిలే” అన్నారు, తెరమీంచి చూపు తిప్పకుండా.