ఎదురుకోడి

జనగామలో ఆటో నడిపే హైదర్‌ను పాత దోస్తులు ఇప్పటికీ "విమానాల హైదర్" అనే పిలుస్తారు. విమానమెక్కిన పాపాన పోలేదు మనిషి. అతను పనిచేసిన కంపెనీకి ఉన్నదల్లా ఎవరో వాడి వదిలేసిన ఒక్క హెలికాప్టరు. లక్ష్మీకాంత్ అనే పైలట్ పొలం అమ్మి దాన్ని కొన్నాడు. ఎన్నికలొస్తే నాయకులు, పెళ్లిళ్లొస్తే మహబూబాబాద్ షావుకార్ల పిల్లల మీద పూలవాన, మాఘమాసంలో భూపాలపల్లి అడవుల్లో జాతరకు భక్తులు. మిగతా రోజులు దాని మీద పరదా కప్పి ఈగలు తోలుకునేవాళ్లు. పెద్ద కంపెనీల పోటీకి తట్టుకోలేక చివరికి మూతపడింది.

హైదర్ పని నేలమీదే. జనాన్ని తాడు అవతల ఆపడం, ఎక్కేవాళ్ల తలలు వంచి తీసుకుపోవడం. తిరిగే రెక్కలంటే అతనికి చచ్చేంత భయం. ఆ భయం వల్లే ఎవరికీ గీత కూడా పడలేదని నేనంటాను. భార్య అజ్మత్ బీ మాత్రం, "ఇంట్ల ఫ్యానేసినా తల వంచుతడు" అని నవ్వేది.

కంపెనీ మూతపడకముందు ఒక ఏడు జాతరలో టికెట్లు చింపడానికి కూతురు కహ్కషాన్ వచ్చింది. సాయంత్రం ఒక ట్రిప్పులో సీటు మిగిలితే పైలట్ ఆమెను ఎక్కించుకున్నాడు. హైదర్‌కు వద్దనాలనిపించింది. అయినా పదిమందిలో పిరికివాడనిపించుకోవడం ఎందుకని నోరు మూసుకున్నాడు. హెలికాప్టరు పైకి లేచిన దగ్గర్నుంచి అతని కళ్లు ఆకాశం వదల్లేదు.

కాసేపటికి చెట్ల మీదుగా హెలికాప్టరు తిరిగొచ్చింది. దుమ్ము లేచింది. అప్పుడే తాడు పక్కన నిలబడ్డ ముసలామె, రఘునాథపల్లి భాగ్యమ్మ, కొంగు కింద నుంచి ఎర్రకోడిని బయటికి తీసింది. ఆమె మనవరాలు నవ్య కూడా ఆ హెలికాప్టరులోనే ఉంది.

హైదర్ ఆ కోడిని చూశాడు. దేవత తల్లిని గద్దె మీదికి తెచ్చేటప్పుడు జనం "ఎదురుకోడి" అంటూ కోళ్లను పైకెగరేసి స్వాగతం చెప్పడం జాతర పొడుగునా చూస్తున్నవాడే. ఆ కోడి పోయి రెక్కల్లో పడితే? "అవ్వా, వద్దు!" అని అరిచాడు. ఆ మోతలో తన అరుపు తనకే వినబడలేదు. చేతిలోని ఎర్రజెండా ఊపుదామంటే దుమ్ములో పైలట్‌కు ఏం కనబడుతుంది? భాగ్యమ్మ చేతులు వెనక్కి ఊపింది.

హైదర్ ఉరికి ఆమె మీద పడ్డాడు. ఇద్దరూ నేలమీద దొర్లారు. కోడిని రొమ్ముకు అదుముకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అది గోళ్లతో రక్కుతున్నా వదల్లేదు. ఏ క్షణాన ఏం విరిగిన చప్పుడు వినాల్సొస్తుందోనని ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నాడు. మోత మెల్లగా తగ్గింది.

"ముసల్దాన్ని కొడ్తవారా?" అని ఎవరో మెడ మీద ఒకటిచ్చారు.

భాగ్యమ్మ లేచి కూర్చుని ఏడ్పు అందుకుంది. "గది మొక్కు కోడి, బాపు! పైకి పోయినోళ్లు సల్లగ దిగితే ఎదురుకోడి ఎగరేస్తనని తల్లికి మొక్కిన. నాకు గా పిల్ల ఒక్కతే ఉన్నది."

హైదర్ తల తిప్పి చూశాడు. దుమ్ములోంచి ఆడపిల్లలిద్దరూ చేయీ చేయీ పట్టుకుని వస్తున్నారు.

"దిగిన్రు, అవ్వా," అన్నాడు హైదర్. "నీ పిల్ల దిగింది. నా పిల్ల దిగింది."

కోడిని ఆమె ఒడిలో పెట్టి అక్కడే కూలబడి ఏడ్చాడు.