నిమ్మచెట్టుకు నేనిచ్చిన స్వేచ్ఛ

ఆ రోజుల్లో మా దగ్గర ఉపన్యాసం ఇవ్వని మనిషి లేడు. కొట్టు ముందు నిలబడి చాయ్ చెబితే, చాయ్ వచ్చేలోపు వెనక నలుగురు పోగై చప్పట్లకు సిద్ధంగా ఉండేవారు. ప్రత్యేక రాష్ట్రం కోసం జనమంతా నిజంగానే రోడ్డెక్కిన రోజులవి. నేనూ ఎక్కాను, దానికి ఈ రోజుకీ సిగ్గుపడను. నా సిగ్గంతా ఒక జానెడు నిమ్మచెట్టు గురించి. ఇన్నేళ్ళయినా విస్తట్లో పులిహోర పడితే తల దించుకునే తింటాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది మానుకోట పక్క పల్లె. జనగామలో ఒక సర్కారు ఆఫీసులో కొత్తగా గుమాస్తాగా చేరాను. మా సూపరింటెండెంటు గుంటూరు వైపు మనిషి. జేబులో ఎప్పుడూ రాగితీగ చుట్ట ఉండేది కనక చాటుగా ఆయన్ని 'తీగల సారు' అనేవాళ్ళం. ఆ తీగంతా ఆయన కిటికీలోని బోన్సాయ్ నిమ్మచెట్టు కోసం. అన్నం పళ్ళెం లాంటి లోతులేని తొట్టి, అందులో వంకర తిరిగిన మాను, గోరంత ఆకులు. కొమ్మలకు తీగ చుట్టి, కొసలు తుంచి, రెండేళ్ళకోసారి వేళ్ళు కత్తిరించి ఏడేళ్ళు పెంచాడట. ఆ ఏడే మొదటిసారి మూడు కాయలు కాసింది, ఉసిరికాయలంత. (ఫైలు మీద సంతకానికి వెళ్తే ముందు కాయల్ని మెచ్చుకోవాలి, తరవాతే సంతకం.)

సమ్మె మొదలై ఆఫీసుకు తాళం పడింది. సారు ఊరికి బయల్దేరుతూ తొట్టిని నా చేతుల్లో పెట్టాడు. "చూడు బాబూ, పొద్దున్నే గ్లాసుడు నీళ్ళు, అంతే. పండేదాకా కాయలు ముట్టుకోవద్దు. మొదటి కాయ ఒకరికి ఇవ్వాలని ఏడేళ్ళ నుంచి అనుకుంటున్నాను. నీ మీద భరోసాతో వెళ్తున్నా" అన్నాడు. (ఏడేళ్ళలో ఆయన నోట్లోకి వచ్చిన మా మాట ఆ 'భరోసా' ఒక్కటే.) "పరేషాన్ కాకున్రి సార్, నా పాణం లెక్క చూసుకుంట" అన్నాను. ఆ పాణం పన్నెండు రోజులు నిలిచింది.

పదమూడో రోజు పెద్ద రోడ్డు మీద వంటావార్పు. రోడ్డు మధ్యనే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే బంతి కట్టి తిని నిరసన తెలపాలి. ఆ రోజు మాట్లాడే వంతు నాది. ఏం మాట్లాడాలో ఒక్క ముక్కా తోచలేదు; తోచినవన్నీ ముందువాళ్ళు చెప్పేసినవే. పొద్దున నీళ్ళు పోస్తుంటే కొమ్మకు చుట్టిన రాగితీగ కళ్ళబడింది. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. తొట్టి చంకన పెట్టుకుని బయల్దేరాను. దారిలో మా అటెండర్ అవ్వ ఎదురైంది. ఆఫీసులో అందరికీ చాయ్ నీళ్ళు అందించే పెద్దావిడ.

"ఏడికిరా కొడుకా, సారు చెట్టు పట్టుకొని?"

"మీటింగుకు అవ్వా. జర చూపించి తెస్త."

"చెట్టుకేం మీటింగురా? పిచ్చి గిట్ల లేసిందా? తీస్కపోయి ఇంట్ల పెట్టు!"

పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

మైకు ముందు తొట్టి ఎత్తి పట్టుకున్నాను. "చూడున్రి! దీని వేళ్ళు కోసిన్రు. కొమ్మలు కట్టేసిన్రు. గంపెడు కాయలు కాసే చెట్టును పళ్ళెంల కూసోబెట్టిన్రు. గిది ఎవలో కాదు, మనమే!" ఒకటే చప్పట్లు. నా జన్మలో అన్ని చప్పట్లు ముందూ లేవు, తరవాతా లేవు (పెళ్ళిలో కూడా). కింద నుంచి మా ఉద్యోగుల సంఘం అన్న "ఇడిపియ్యి తమ్మీ, ఇడిపియ్యి!" అని కేక వేశాడు. జనమంతా అందుకున్నారు. నిజానికి నేను చెట్టును చూపించి మాట్లాడి వెనక్కి తీసుకుపోదామనే వచ్చాను. కాని అంతమంది అడుగుతుంటే కాదనడానికి గుండె కావాలి, నాకు నోరే ఉంది. తీగలు పీకాను. రెండు కొమ్మలు తీగతోపాటే ఊడొచ్చాయి. రోడ్డు వారన మా సమ్మె డేరా పక్కన గడ్డపారతో గుంత తీసి, నినాదాల మధ్య నాటి, కొబ్బరికాయ కొట్టాం. మూడు కాయలూ ఎవరో పులిహోరలో పిండడానికి తెంపుకుపోయారు.

అప్పుడే అన్నం గుండిగలు దించారు. వార్చిన గంజి ఎక్కడ పారబోయాలా అని చూస్తుంటే సంఘం అన్న, "గంజి మస్తు బలం, చెట్టుకే పొయ్యిన్రి" అన్నాడు. బలమే. మా పల్లెలో సొరపాదుకు పోస్తాం, చల్లారాక. ఆ హుషారులో చల్లారేదాకా ఆగేదెవరు? పొగలు కక్కే గంజి చెట్టు మొదట్లో పోస్తుంటే పక్కన నిలబడి నేనూ జై కొట్టాను. బంతిలో కూచున్న అవ్వ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని తుపుక్కున ఉమ్మింది. "థూ, చేదు విషం! పండని కాయ ఏ పాపాత్ముడు తెంపిండురా?" తెంపనిచ్చిన పాపాత్ముణ్ణి, నేను, ఆమె ముందే వంగి పెరుగు వడ్డిస్తున్నాను.

మూడో రోజుకు ఆకులు రాలాయి. వారం తిరక్కుండా పుల్ల మిగిలింది. సారు వచ్చేలోపు నేను తయారు చేసుకున్న అబద్ధాలకు అంతు లేదు: మేక తిన్నదని, దొంగలు పడ్డారని, పురుగు పట్టిందని. తీరా ఆయన ఖాళీ తొట్టి చేతిలోకి తీసుకుని అడుగున మిగిలిన మట్టిని వేలితో తడిమేసరికి, ఉన్నదంతా కక్కేశాను, ఉపన్యాసంతో సహా. తిడితే బాగుండు అనుకున్నాను. తిట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేను బదిలీ మీద వచ్చిన మొదటి రోజు ఎండకు కళ్ళు తిరిగి పడిపోయాను బాబూ. మన అవ్వే మజ్జిగలో నిమ్మకాయ పిండి తాగించింది. గ్లాసు అడుగున మిగిలిన గింజ అది. మొదటి కాయ ఆవిడకే ఇద్దామని..." ఖాళీ తొట్టిని మళ్ళీ కిటికీలో పెట్టి, "ఆంధ్రావాణ్ణి నేనయ్యా. చెట్టు ఇక్కడిదే" అన్నాడు.

నిలుచున్న చోటే భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. చాయ్ పట్టుకొచ్చిన అవ్వ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "నాకు ముట్టింది సారూ కాయ. పులిహోరల పిండిన్రు. మస్తుగుండె, రెండోసారి పెట్టించుకొని తిన్న" అంది. నావైపు కన్నెత్తి చూడలేదు. నేను బయటికి వెళ్ళి, సైకిలు స్టాండు దగ్గర నిలబడి ఏడ్చాను.

రాష్ట్రం వచ్చింది. సారు రిటైరై వాళ్ళ ఊరు వెళ్తూ రాగితీగ చుట్ట నా చేతిలో పెట్టాడు. ఆనాడు మజ్జిగలో పిండిన కాయ కాసిన చెట్టు అవ్వ పెరట్లో ఇంకా ఉందని తెలిసి, వాళ్ళ ఊరు నర్మెట్ట దాకా పోయి ఒక కాయ అడిగి తెచ్చుకున్నాను. ఆ గింజే ఇప్పుడు భూపాలపల్లిలో మా అద్దె ఇంటి వసారాలో జానెడు చెట్టయింది. (గంజి వార్చేటప్పుడు మా ఆవిడ నన్ను ఆ దరిదాపుల్లోకి రానివ్వదు.) మొన్న మొదటి కాయ పండితే తీసుకెళ్ళి అవ్వ చేతిలో పెట్టాను. వాసన చూసి, "గిది పండిందేరా" అంది, అంతే. ఆ సంగతి సారుకు ఫోన్లో చెప్పాను.

"సంతోషం బాబూ. దానికి ఉపన్యాసం ఏమన్నా ఇచ్చావా?"

"లేదు సార్. నీళ్ళే పోసిన. గ్లాసుడు."

"అయితే బతుకుతుందిలే."

ఫోను పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాను, తల దించుకునే.