గుర్రపు పాట

యూరపు దొరలు నాట్యమాడుకోవడానికి ఎప్పుడో నూటయాభై ఏళ్ల కింద కట్టించుకున్న గ్యాలప్ అనే పాట ఒకటి, మా చిన్నతనంలో రామన్నపేట చుట్టుపక్కల పెళ్లిళ్లలో మోగేది. గుర్రం దౌడు తీసినట్టుంటుంది కనుక మావాళ్లు దాన్ని గుర్రపు పాట అనేవారు. తెచ్చింది మా చిన్నాయిన. నిజాం ఫౌజు బ్యాండులో బూర ఊదేవాడు. ఫౌజు ఎత్తేశాక బూరతో, పాటతో ఇంటికొచ్చి మేళం కట్టాడు. అందులో బూర ఆయనదొక్కటే.

అసలు పాట చాలా పొట్టిదని కాలేజీలో చేరాక తెలిసింది. ఆడేవాళ్లకు ఆయాసం రాకూడదని అలా కట్టారట. ఊదేవాళ్ల సంగతి ఆలోచించారో లేదో తెలియదు. మా దగ్గర మాత్రం దానికి ముగింపే లేదు. పెళ్లికొడుకు గుర్రం ఆడపిల్లవాళ్ల వాకిట్లోకి రాగానే ఎత్తుకుంటే, హారతి ఇచ్చేదాకా ఆపకూడదు. ఆగితే అపశకునం. అందుకని చివరి భాగం కోసేసి, మళ్లీ మొదటికి తిప్పుకునేవారు.

ఒక ఎండాకాలం చిన్నాయినకు దగ్గుతో పాటు రక్తం పడింది. క్షయ అనీ, ఇక బూర ఊదితే మనిషి దక్కడనీ నల్గొండ దవాఖానలో డాక్టరు చెప్పాడు. చిన్నమ్మ బూరను గుమ్మిలో జొన్నల కింద దాచింది. ముందే ఒప్పుకున్న నకిరేకల్ పెళ్లి రోజు చిన్నాయిన దాన్ని తవ్వి తీశాడు.

"మాటిచ్చిన. ఒక్క పాటనే, హారతి దాక ఊది వస్త."

"ఆల్లు హారతి ఎప్పుడిస్తరో నీకేం ఎరుక?" అంది చిన్నమ్మ.

కాపలాగా నేనూ వెళ్లాను. గుర్రం వచ్చింది, పాట మొదలైంది, హారతి పళ్లెం గడప దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే పెళ్లికొడుకు మేనమామకు, ఎదురుకోలులో తనకు షర్బత్ అందలేదని గుర్తొచ్చింది.

"నాకు షర్బత్ లేదు గని హారతున్నదా? దించుండ్రి పళ్లెం!"

"ఇచ్చినమన్నా, నువ్వే బీడికని అవతలికి పోయినవు," అన్నాడు పిల్ల తండ్రి.

"అంటే నేను అబద్ధమాడుతున్ననా?"

పాట మొదటికి తిరిగింది. మళ్లీ తిరిగింది. నేను వాళ్ల మధ్యకు పోయి, "మా చిన్నాయినకు పానం బాగలేదు, జర ఆపుతం," అన్నాను.

"ఆపితే పిల్లకేమన్నయితే నువ్వు జిమ్మేదారా?" అని రెండు పక్షాలూ ఒక్కసారే మీద పడ్డాయి. ఆ సాయంత్రం వాళ్లకు కుదిరిన మొదటి ఏకాభిప్రాయం అది.

నిమ్మకాయలకు మనిషిని పంపారు. నిలబడీ నిలబడీ గుర్రానికే విసుగొచ్చింది. షర్బత్ వచ్చింది. మేనమామ తాగి, చక్కెర తక్కువైందన్నాడు. హారతి ఇచ్చారు.

చిన్నాయిన బూర దించి, కండువాతో మూతి తుడుచుకున్నాడు. ఎర్రగా అంటింది.

"పాన్ ఏసుకొని ఊదుతున్నవా మాస్టరూ? మంచి మజా మీదున్నవు," అన్నాడు మేనమామ.

"అవును పటేలా," అన్నాడు చిన్నాయిన.

తొలకరి పడకముందే పోయాడు. ఆ జంట మాత్రం చల్లగా ఉన్నారు, పిల్లలు కూడా పుట్టారు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే చిన్నమ్మ చాట పక్కన పెట్టి అనేది: "ఉండరా మరి? గంతసేపు ఊదిపిచ్చుకున్నంక!"